నలభై ఏడు మీటలతో గణితం

కీబోర్డు మీద సున్నా పక్కన చిన్న అడ్డగీత ఉన్న మీట ఒకటి ఉంటుంది. ఫోన్ నంబరు మధ్యలో, పుట్టిన తేదీలో, జంట పేర్ల నడుమ, తీసివేతలో, సున్నా కంటే దిగువకు పోయిన ఉష్ణోగ్రత ముందు, అన్నిచోట్లా మనం దాన్నే నొక్కుతాం. అచ్చు కూర్చేవాళ్ళకు మాత్రం ఇవన్నీ ఒకే గీత కావు. రెండు మాటల్ని కలిపే గీత పొట్టిది, ఇంగ్లీషు చిన్న అక్షరాల నడుం ఎత్తున ఉంటుంది. ‘1969–1977’ అని కాలాన్ని చూపే గీత అంతకన్నా పొడవు. తీసివేత గుర్తు వేరే జాతికి చెందింది. కూడిక గుర్తులోని అడ్డగీత ఎంత పొడవో అదీ అంతే పొడవు, ఎంత ఎత్తున ఉంటుందో అదీ అంతే ఎత్తున ఉండాలి. ఒకే సమీకరణంలో + తర్వాత − వచ్చినప్పుడు రెండూ ఒకే మట్టానికి రాకపోతే కన్ను తడబడుతుంది. ఇక రుణ సంఖ్య ముందుండే గీత చూడ్డానికి తీసివేత గుర్తే, కానీ అది తన అంకెకు అంటుకుని ఉండాలి. తీసివేతకేమో రెండు వైపులా కొంచెం జాగా కావాలి.

పనులు నాలుగు, మీట ఒక్కటి. ఈ ఇరుకు ఎక్కడినుంచి వచ్చిందో లెక్క తేలికే. 1960లలో రూపు దిద్దుకున్న ఆస్కీ అనే కంప్యూటర్ అక్షరాల ప్రమాణంలో కంటికి కనిపించే గుర్తులు 94. అమెరికన్ కీబోర్డులో గుర్తులు వేసే మీటలు 47, షిఫ్ట్‌తో కలిపి రెండింతలైతే సరిగ్గా 94. అందులో +, =, <, > ఉన్నాయి. గుణకారపు × లేదు, భాగహారపు ÷ లేదు. √, ∑, ∫, ≤, ∞ ఏవీ లేవు. గణితానికి కావలసిన గుర్తులేమో వేలల్లో ఉన్నాయి.

కాబట్టి గణిత గుర్తును కీబోర్డు మీద వేయడమంటే రెండు ప్రశ్నలకు జవాబు వెతకడం. కళ్ళెదుట లేని గుర్తును వేలు ఎలా గుర్తుపెట్టుకోవాలి? వేలు వేసిన గుర్తు ఏ పని మీద వచ్చిందో యంత్రం ఎలా తెలుసుకోవాలి? ఈ రెండింటికీ గత అరవై ఏళ్ళలో కొందరు ఇచ్చిన జవాబులు చూస్తే, వాళ్ళ బుర్రకు మాత్రమే కాదు, ఓపికకు కూడా దండం పెట్టాలనిపిస్తుంది.

టైప్‌రైటర్ రోజుల్లో గణిత వ్యాసం టైపు చేయడమంటే ముందు ఖాళీలు వదలడం. మాటలు యంత్రం మీద కొట్టి, సమాకలని గుర్తూ గ్రీకు అక్షరాలూ రావలసిన చోట అంచనాగా జాగా విడిచి, కాగితం బయటికి తీశాక సన్నపాళీ కలంతో నల్లసిరాతో నింపేవారు. ఎన్ని కార్బన్ ప్రతులుంటే అన్నిసార్లూ అదే పని. విశ్వవిద్యాలయ గ్రంథాలయాల్లో పాత పరిశోధన గ్రంథాలు తిరగేస్తే, టైపు వరుసల మధ్య పరిశోధకుడి చేతిరాతలో నిలబడ్డ ∑ గుర్తులు ఇప్పటికీ కనిపిస్తాయి.

1961 జులై 31న ఐబీఎం సంస్థ సెలెక్ట్రిక్ అనే విద్యుత్ టైప్‌రైటర్ విడుదల చేసింది. అంతకు ముందటి యంత్రాల్లో ఒక్కో అక్షరానికి ఒక్కో ఇనుప చేయి ఉండేది. సెలెక్ట్రిక్‌లో ఆ చేతులన్నీ పోయి గోల్ఫ్ బంతి ఆకారపు గోళం ఒక్కటే మిగిలింది. దాని మీద నాలుగు వరుసలు, వరుసకు 22 చొప్పున 88 అచ్చులు. గోళంలో సగం మామూలు మీటలది, మిగతా సగం షిఫ్ట్‌ది. షిఫ్ట్ నొక్కితే గోళం సగం చుట్టు తిరిగి రెండో ముఖం చూపిస్తుంది. మీట నొక్కగానే గోళం కావలసిన వరుస వచ్చేలా వంగి, కావలసిన అక్షరం వచ్చేలా తిరిగి, రిబ్బను మీదుగా కాగితాన్ని తాకి వెనక్కి వస్తుంది. సెకనుకు దాదాపు పదిహేను అక్షరాల వేగంతో ఈ పని జరిగేది.

వంగడంలో నాలుగు స్థితులు, తిరగడంలో ఎడమకు ఐదు, కుడికి ఐదు, మధ్యలో ఒకటి కలిపి పదకొండు స్థితులు. నాలుగు పదకొండ్లు నలభై నాలుగు. ఇన్ని స్థితులకు ఇన్ని మరలు పెట్టలేదు. వంపుకు రెండు కొక్కేలు, తిప్పడానికి నాలుగు కొక్కేలు, అంతే. తిప్పే కొక్కేలకు విలువలున్నాయి: ఒకటి, రెండు, మరో రెండు, రుణ ఐదు. వీటిలో ఏవి పడ్డాయో వాటి మొత్తమే గోళం తిరగాల్సిన మెట్లు. మూడు మెట్లు కావాలంటే ఒకటీ రెండూ పడతాయి. ఎడమకు ఒక మెట్టు కావాలంటే రుణ ఐదుతో పాటు రెండు రెండ్లూ పడతాయి. ఈ కూడిక చేసేది మోటారు కాదు, ఒకదానికొకటి తగిలించిన అడ్డబద్దలు. కాడికి కట్టిన రెండెడ్లలో ఒకటి అడుగు ముందుకేస్తే కాడి మధ్యభాగం సగం అడుగు కదులుతుంది, రెండూ అడుగేస్తే పూర్తి అడుగు కదులుతుంది. సెలెక్ట్రిక్‌లోని బద్దలూ ఆ సూత్రం మీదే తమ రెండు కొసల కదలికలను కలిపి మధ్య నుంచి మొత్తాన్ని అందిస్తాయి. అంటే గణిత గుర్తులు అచ్చు వేయడానికి ముందే ఆ యంత్రం ప్రతి అక్షరానికీ లోపల ఓ చిన్న కూడిక చేస్తోంది.

గోళాన్ని పైన ఉన్న చిన్న మీట లేపి తీసేయవచ్చు, ఇంకోటి పెట్టవచ్చు. గణితం టైపు చేసేవాళ్ళు గుర్తుల గోళం పక్కనే పెట్టుకుని, వాక్యం మధ్యలో α వచ్చినప్పుడల్లా గోళం మార్చి, ఒక్క అక్షరం కొట్టి, పాతది మళ్ళీ పెట్టేవారు. సిరా కలం కన్నా ఇది మేలే. కానీ అసలు అద్భుతం, ఆ మార్పిడి అవసరం లేని గోళాన్ని ఊహించినప్పుడు జరిగింది.

కెనడాలోని ఆల్బర్టాలో పుట్టిన కెన్నెత్ ఐవర్సన్ 1950లలో హార్వర్డ్‌లో పాఠాలు చెబుతూ, లెక్క చేసే పద్ధతుల్ని ముక్కుసూటిగా రాయడానికి సొంత సంకేతాలు తయారు చేసుకున్నాడు. 1960లో ఐబీఎంలో చేరాడు, 1962లో పుస్తకం వేశాడు. దశాంశ సంఖ్యను కింది పూర్ణాంకానికి దించే ⌊ ⌋, పై పూర్ణాంకానికి ఎత్తే ⌈ ⌉ గుర్తులు ఈ రోజు అన్ని గణిత పుస్తకాల్లోనూ ఉన్నాయంటే అవి ఆయన చేతి నుంచి వచ్చినవే. ఎడిన్ ఫాల్కాఫ్ తదితరులతో కలిసి ఆ సంకేతాలను కంప్యూటరుకు అర్థమయ్యే ఏపీఎల్ భాషగా మలిచాక, దాని కోసం ప్రత్యేకంగా సెలెక్ట్రిక్ గోళం తయారైంది. కంప్యూటరుకు తగిలించిన టెర్మినల్‌లోనూ సెలెక్ట్రిక్ యంత్రమే ఉండేది.

గోళం మీద చోట్లు 88. కావలసినవి ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, వాటికి తోడు డజన్ల కొద్దీ గుర్తులు. వాళ్ళు చేసిన మొదటి పని త్యాగం. చిన్న అక్షరాలు మానేశారు. షిఫ్ట్ లేకుండానే పెద్ద అక్షరాలు పడతాయి, ఆ 26 మీటల షిఫ్ట్ చోట్లన్నీ గుర్తులకు దక్కాయి. అక్షరాలకూ అంకెలకూ పోగా 52 చోట్లు మిగిలాయి.

ఇప్పుడు ఏ గుర్తు ఏ మీట మీద? ఇక్కడ వాళ్ళ శ్రద్ధ చూడండి. ఆర్ మీద గ్రీకు ‘రో’ అయిన ⍴, ఐ మీద ‘అయోటా’ అయిన ⍳, ఈ మీద ‘ఎప్సిలాన్’ అయిన ∊ పెట్టారు. శబ్దం కలిసింది. ఓ మీద ○, డబ్ల్యూ మీద ⍵, వీ మీద ∪. వీటిలో ఆకారం కలిసింది. క్యూ మీద ? పెట్టారు, ప్రశ్నకు ఇంగ్లీషులో అదే మొదటి అక్షరం కాబట్టి. పీ మీద ఘాతానికి (పవర్) గుర్తైన *, ఎం మీద పరమమూల్యానికి (మాగ్నిట్యూడ్) గుర్తైన నిలువుగీత. జెడ్, ఎక్స్ పక్కపక్కన ఉన్నాయి, వాటి మీద ⊂, ⊃ జంటగా కూర్చున్నాయి. వై, యూ మీద ↑, ↓. అంకెల వరుసలో మూడు నుంచి ఎనిమిది దాకా వరసగా <, ≤, =, ≥, >, ≠. తక్కువ నుంచి ఎక్కువకు నడిచి, చివర అసమానం. వారం రోజులు కూర్చున్న మనిషికి కీబోర్డు వంక చూడాల్సిన పని ఉండదు. గుర్తుకు శబ్దమో, ఆకారమో, జోడో, వరసో ఏదో ఒక చుట్టరికం చూసి చోటిచ్చారు.

అయినా 88 చాలలేదు. అప్పుడు టైప్‌రైటరుకున్న పాత గుణం ఒకటి అక్కరకొచ్చింది. కొట్టిన అక్షరం మీదికి వెనక్కి జరిగి ఇంకోటి కొట్టవచ్చు. ○ కొట్టి, వెనక్కి జరిగి, దాని మీద నిలువుగీత కొడితే ⌽ వస్తుంది. వరుసలోని సంఖ్యలను ముందువెనకలు చేయమని దానికర్థం. నిలువుటద్దం పట్టినట్టు గుర్తే ఆ పని చూపిస్తుంది. ○ మీద * కొడితే సంవర్గమానానికి ⍟. త్రిభుజం మీద నిలువుగీత కొడితే, చిన్న నుంచి పెద్దకు క్రమం పెట్టే ⍋. రెండింటిలో ఏది ముందు కొట్టినా ఫరవాలేదు. కొట్టిన వరస ఎలా ఉన్నా, కాగితం మీద చివరికి ఏం కనిపిస్తోందో అదే కంప్యూటరు చదువుకునేలా ఏర్పాటు చేశారు. కాగితాన్ని నమ్మిన యంత్రం అది. మనిషి కంటికి ఏం కనిపిస్తుందో యంత్రానికీ అదే తెలియాలన్న ఈ పట్టుదల నాకు ఆ పనితనం మొత్తంలో ఎక్కువ గౌరవం కలిగించే విషయం.

అడ్డగీత సంగతి ఐవర్సన్ ఎలా తేల్చాడు? రెండుగా విడగొట్టాడు. తీసివేతకు మామూలు −. రుణ సంఖ్యకు దాని నెత్తి దగ్గర ఉండే వేరే గుర్తు ¯. రుణ ఐదు అంటే ¯5. ఆ గీత అంకెలో భాగం, చేయవలసిన క్రియ కాదు. ఇందులో సందిగ్ధానికి తావే లేదు. రెండో అంకె మీద షిఫ్ట్ నొక్కితే అది పడుతుంది.

చుట్టరికంతో చోటివ్వడం ఏపీఎల్‌తో ఆగలేదు. ఆపిల్ మాకింటోష్ మీద ఆప్షన్ మీట పట్టుకుని వీ నొక్కితే √, పీ నొక్కితే π, డీ నొక్కితే ∂ పడతాయి. = మీద ≠ ఉంటుంది, వాలుగీత మీద ÷ ఉంటుంది, < ఉన్న మీట మీద ≤ ఉంటుంది. చేయి ఊహించిన చోటే గుర్తు దొరుకుతుంది.

ఐబీఎం పీసీ దారి వేరు. 1981లో వచ్చిన ఆ యంత్రంలో ఆల్ట్ మీట పట్టుకుని, కుడివైపు అంకెల మీటల మీద సంఖ్య కొట్టి, ఆల్ట్ వదలాలి. 227కు π, 241కి ±, 243కి ≤, 251కి √. లోపల జరిగేది ముచ్చటైన చిన్న లెక్క. మొదట సున్నా ఉంటుంది. అంకె పడ్డప్పుడల్లా ఉన్నదాన్ని పదితో గుణించి కొత్త అంకె కలుపుతుంది. రెండు పడితే 2, మళ్ళీ రెండు పడితే 22, ఏడు పడితే 227. ఆల్ట్ మీద నుంచి వేలు లేవగానే ఆ సంఖ్యకు చెందిన గుర్తు వస్తుంది. అంకెల మధ్య ఎంత సేపు ఆలోచించినా తొందర పెట్టదు, వేలు లేవడమే దానికి సైగ. ఆ 256 గుర్తుల పట్టికలో 244, 245 స్థానాల్లో ⌠, ⌡ అని రెండు వింత గుర్తులున్నాయి. అవి సమాకలని గుర్తు పైసగం, కిందిసగం. తెర మీద ఒక గడిలో పట్టని పొడవైన ∫ కావాలంటే ఒక వరుసలో పైసగం, దాని కింది వరుసలో కిందిసగం పెట్టి అతకాలి. ఇంత చిన్న పట్టికలో గణితానికని రెండు గడులు దాచిపెట్టిన మనుషులు ఉన్నారన్నమాట.

సంఖ్యతో పిలిచే ఈ పద్ధతి, ప్రతి గుర్తుకూ ఒక సంఖ్య ఇచ్చే యూనికోడ్‌తో విశ్వరూపం ఎత్తింది. అందులో గణిత క్రియల విభాగం ఒక్కటే 256 స్థానాలది, 2200తో మొదలవుతుంది. 2200 దగ్గర ∀, 2203 దగ్గర ∃, 2208 దగ్గర ∈, 2211 దగ్గర ∑, 2264 దగ్గర ≤. అడ్డగీతకు కూడా న్యాయం జరిగింది. కీబోర్డు మీది పాత గీతకు తన పాత సంఖ్య అలాగే ఉంచి, అసలైన తీసివేత గుర్తుకు 2212 ఇచ్చారు. మైక్రోసాఫ్ట్ వర్డ్‌లో 2212 అని కొట్టి, వెంటనే ఆల్ట్ పట్టుకుని ఎక్స్ నొక్కితే, ఆ అంకెలు మాయమై − నిలుస్తుంది. మళ్ళీ నొక్కితే గుర్తు పోయి సంఖ్య తిరిగొస్తుంది. ఎవరో పంపిన పాఠంలో తెలియని గుర్తు కనబడితే, దాని పక్కన కర్సర్ పెట్టి ఇదే మీటల జంట నొక్కి సంఖ్య తెలుసుకోవచ్చు.

మన పాత లెక్కల గుర్తులకూ అక్కడ చోటుంది. పావు, పావులో పావైన వీసం, అందులో పావు, ఇలా నాలుగేసి వంతులుగా దిగే భిన్నాలను తెలుగు లెక్కల్లో గీతలతో రాసేవారు. ఆ గుర్తులు 2008లో యూనికోడ్ 5.1తో చేరాయి. పావుల మెట్టులో నిలువుగీతలు: ౹ ఒక పావు, ౺ రెండు, ౻ మూడు. వీసాల మెట్టులో అడ్డగీతలు: ౼ ఒక వీసం, ౽ రెండు, ౾ మూడు. తర్వాతి మెట్టులో మళ్ళీ నిలువుగీతలు. గీత దిశను బట్టే అది ఏ మెట్టుదో తెలిసిపోయే ఈ ఏర్పాటు ఎంత పొదుపైనదో చూడండి. ఈ కొద్ది గుర్తులతో, పక్కపక్క మెట్లు కలిసిపోకుండా, ఆ భిన్నాలు రాయవచ్చు. పావు గుర్తు సంఖ్య 0సి79 (సి అన్నది ఇంగ్లీషు అక్షరం). ఆ గుర్తులున్న ఫాంటు ఉంటే, ఆల్ట్ ఎక్స్ జంట దాన్నీ పిలుచుకొస్తుంది.

సంఖ్యలు మనిషికి గుర్తుండవు. పేర్లు గుర్తుంటాయి. గుర్తును పేరుతో పిలవడాన్ని రాజమార్గం చేసినవాడు స్టాన్‌ఫర్డ్ ఆచార్యుడు డొనాల్డ్ కనూత్. ఆయన మహాగ్రంథం ‘ది ఆర్ట్ ఆఫ్ కంప్యూటర్ ప్రోగ్రామింగ్’ రెండో సంపుటి 1969లో సీసపు అక్షరాలతో అచ్చయింది. మలి ముద్రణకు 1977లో వచ్చిన ప్రూఫులు కొత్త ఫొటో పద్ధతిలో కూర్చినవి. ఆ అక్షరాల తీరు, జాగాల తీరు ఆయనకు సహించలేదు. పుస్తకం పని పక్కనపెట్టి, అచ్చు కూర్పుకు తానే ఓ ప్రోగ్రాం రాయడానికి పూనుకున్నాడు. దాని పేరు టెక్. గణితం అందంగా కూర్చిన ‘ఆక్టా మాథమాటికా’ వంటి పత్రికల పాత సంచికలు ముందు పెట్టుకుని, పాతకాలపు కంపోజిటర్లు ఏ గుర్తు పక్కన ఎంత జాగా వదిలారో పరిశీలించాడు. వాళ్ళ చేతి వేళ్ళలో ఉన్న విద్యను నియమాలుగా రాశాడు.

టెక్‌లో కొత్త మీటలేవీ లేవు, ఉన్న 94 గుర్తులే చాలు. మామూలు రాతలో దాదాపు ఎవరూ వాడని \ గుర్తు కొట్టి, వెంట పేరు కొట్టాలి. ‘సమ్’ అంటే ∑, ‘ఇంట్’ అంటే ∫, ‘ఆల్ఫా’ అంటే α. పేర్లకు అంతు లేదు, కాబట్టి గుర్తులకూ అంతు లేదు. తనకు కావలసిన కొత్త పేరును రాసేవాడే నిర్వచించుకోవచ్చు. గణితం మొదలైన చోట, ముగిసిన చోట డాలరు గుర్తు పెట్టాలి. పాత పద్ధతుల్లో గణితం కూర్చడం ఖరీదైన పని కాబట్టి ఆ గుర్తు ఎంచుకున్నానని కనూత్ తన పుస్తకంలో చెప్పుకున్నాడు.

డాలర్ల మధ్య అడుగుపెట్టగానే కీబోర్డు స్వభావం మారిపోతుంది. అక్షరాలు వాలుతాయి. ఖాళీ మీట ఎన్నిసార్లు నొక్కినా జాగా పెరగదు. జాగా ఎంతో నిర్ణయించే బాధ్యత రాసేవాడి చేతిలోంచి టెక్ తీసేసుకుంది. మామూలు అడ్డగీత మీటే ఇక్కడ అసలైన తీసివేత గుర్తు వేస్తుంది. అది తీసివేతా, రుణ చిహ్నమా అన్నది మాత్రం పొరుగును చూసి తేలుతుంది. టెక్ ప్రతి గుర్తుకూ ఓ వర్గం కేటాయిస్తుంది: అక్షరాలూ అంకెలూ మామూలువి, ∑ లాంటివి పెద్ద క్రియలు, + లాంటివి రెంటి నడుమ క్రియలు, = లాంటివి సంబంధాలు. తెరిచే బ్రాకెట్లు, మూసే బ్రాకెట్లు, విరామ చిహ్నాలు, భిన్నం లాంటి లోపలి ముక్కలు మిగతా నాలుగు. మొత్తం ఎనిమిది వర్గాలు. ఏ వర్గం పక్కన ఏ వర్గం వస్తే ఎంత జాగా అన్నది ఎనిమిదికి ఎనిమిది గడుల పట్టికలో రాసి ఉంది. ఎమ్ అనే అచ్చు కొలతను 18 భాగాలు చేస్తే, పెద్ద క్రియ పక్కన మూడు భాగాలు, నడుమ క్రియకు అటూ ఇటూ నాలుగు, సంబంధానికి ఐదు. అందుకే సమీకరణంలో = గుర్తు కూడికల కంటే వెంట్రుకవాసి ఎక్కువ ఊపిరి పీల్చుకుంటుంది. వాక్యంలో క్రియ దగ్గర ఆగినట్టు కన్ను అక్కడ ఆగుతుంది.

అడ్డగీత నడుమ క్రియల వర్గంలో ఉంది. కానీ దానికి ముందు ఏమీ లేకపోయినా, తెరిచే బ్రాకెట్ ఉన్నా, = ఉన్నా, ఇంకో క్రియ ఉన్నా, అది రెంటి నడుమ లేదని టెక్ గ్రహించి మామూలు గుర్తుగా మార్చేస్తుంది. జాగాలు పోయి, గీత అంకెకు అంటుకుంటుంది. ఐవర్సన్ రెండు పనులకు రెండు గుర్తులు ఇచ్చి రాసేవాడిని స్పష్టంగా ఉండమన్నాడు. కనూత్ ఒక్క గుర్తునే ఉంచి, పొరుగును చూసి తెలుసుకునే భారం యంత్రం మీద పెట్టాడు. కూడిక, తీసివేత గుర్తులు 1489లో జర్మనీలో అచ్చయిన యోహానెస్ విడ్‌మన్ పుస్తకం నుంచి వస్తున్నాయి. ఐదు శతాబ్దాలుగా గణితజ్ఞుల చేతికి అలవాటైన గీతను మార్చమనకుండా, దాన్ని చదివే తెలివిని యంత్రానికి నేర్పడం నాకు మరింత మర్యాదగా తోస్తుంది.

ఇప్పుడు ఈ విడిభాగాలన్నీ కలిసి పనిచేయడం చూద్దాం. పదో తరగతి చదివిన ప్రతివారికీ తెలిసిన వర్గ సమీకరణ సూత్రం తీసుకోండి: లవంలో రుణ బీ, ±, వర్గమూలం, దాని లోపల బీ స్క్వేర్ నుంచి నాలుగు ఏసీ తీసివేత, హారంలో రెండు ఏ. టెక్ లోపలి నుంచి బయటికి కడుతుంది. ముందు బీ స్క్వేర్. ఘాతాంకం ఎంత ఎత్తున కూర్చోవాలి? పది పాయింట్ల అచ్చులో, విడిగా ఒక వరుసలో పెట్టిన సూత్రంలోనైతే 4.13 పాయింట్ల ఎత్తున. వాక్యంలో కలిసిపోయినదైతే 3.63. ఇక్కడేమో అది వర్గమూలం కప్పు కింద ఉంది, తల తగలకుండా ఉండాలి కాబట్టి 2.89 చాలు. ఒకే ‘2’కు మూడు ఎత్తులు. చదివేవాడు ఎన్నడూ కొలవని ఈ తేడా లేకపోతే వరుసలు ఎగుడుదిగుడుగా ఉన్నాయని మాత్రం అతని కంటికి తెలిసిపోతుంది.

ఆ ముక్క ఎత్తు తేలాక దాని మీదికి √ కావాలి. ఫాంటులో ఆ గుర్తు కొన్ని సైజుల్లో సిద్ధంగా ఉంటుంది. సరిపోయే వాటిలో చిన్నదాన్ని టెక్ ఎంచుకుంటుంది. ఏదీ చాలకపోతే అడుగు ముక్క, పై మూల ముక్క, రెంటి మధ్య ఎన్నిసార్లైనా పేర్చగల నిలువు ముక్క తెచ్చి అతుకుతుంది. ఆ తర్వాత పైకప్పు గీత. మూల దగ్గర అతుకు కనిపించకుండా ఆ గీత మందం √ కొస మందంతో సరిపోవాలి. ఆ మందం టెక్‌కు ఎలా తెలుస్తుంది? ఫాంటు తయారీలోనే √ గుర్తును ఆధార రేఖ కిందికి వేలాడేలా గీశారు. రేఖకు పైన మిగిలేది సరిగ్గా కొస మందమంతే. కాబట్టి ఆ గుర్తు ఎత్తెంత అని అడిగితే వచ్చే జవాబే గీత మందం. వేరే చోట సంఖ్య రాసి పెట్టుకునే పనే లేదు. √ అవసరానికి మించి కొంచెం పొడవైతే, మిగిలిన జాగాను పైకీ కిందికీ సగం సగం పంచుతుంది.

చివరగా భిన్నం. లవం, హారాల్లో వెడల్పు తక్కువైనది మధ్యకు జరుగుతుంది. వాటి మధ్య గీత మందం 0.4 పాయింటు, ఆధార రేఖ నుంచి 2.5 పాయింట్ల ఎత్తున. తీసివేత గుర్తు ఉండే ఎత్తూ అదే. కూడిక గుర్తు అడ్డగీత, = గుర్తు రెండు గీతల మధ్య బిందువు కూడా అక్కడే. సూత్రం మొత్తం ఆ కనిపించని రేఖ మీద తూగుతుంది. ఈ కొలతలన్నీ పాయింటును 65,536 భాగాలు చేసిన పూర్ణాంకాల్లోనే టెక్ లెక్కిస్తుంది. ఒక్కో భాగం కంటికి కనిపించే కాంతి తరంగదైర్ఘ్యంలో దాదాపు వందో వంతు. దశాంశాల్లో ఎక్కడో దొర్లే తేడాలు లేవు కాబట్టి, ఏ దేశంలో ఏ కంప్యూటర్ మీద కూర్చినా పేజీ ఒకేలా వస్తుంది.

లెస్లీ లాంపోర్ట్ 1980లలో టెక్ మీద లేటెక్ కట్టాక ఈ పేర్లే గణితజ్ఞుల ఉత్తరాల భాష అయ్యాయి. తెలుగు వికీపీడియాలో గణిత వ్యాసాల సూత్రాలను కూడా ఇవే పేర్లతో రాస్తారు.

పేరు కొట్టి, తర్వాత యంత్రం కూర్చే దాకా ఆగడానికి అందరికీ ఓపిక ఉండదు. 2007 వర్డ్‌లో మర్రే సార్జెంట్ తదితరులు తెచ్చిన పద్ధతి ఆ ఎదురుచూపును ఖాళీ మీట మీదికి తెచ్చింది. ఆల్ట్ పట్టుకుని = నొక్కితే గణితానికో పెట్టె తెరుచుకుంటుంది. అందులో \ తో పేరు కొట్టి ఖాళీ మీట నొక్కగానే ఆ పేరు కళ్ళెదుటే గుర్తుగా మారుతుంది. బ్రాకెట్‌లో ఏ కూడిక బీ పెట్టి, వాలుగీత కొట్టి, సీ కొట్టారనుకోండి. అప్పటికి అది ఇంకా అడ్డంగా సాగిన వరుసే. హారం అక్కడితో అయిపోయిందో, ఇంకా ఉందో యంత్రానికి తెలియదు, అందుకే ఆగుతుంది. ఖాళీ మీట నొక్కినా, + కొట్టినా హారం ముగిసినట్టు అర్థం చేసుకుని, ఏ కూడిక బీని పైకెత్తి, సీని కిందికి దించి, మధ్యలో గీత గీస్తుంది. ఆ క్షణంలోనే బ్రాకెట్లను తీసేస్తుంది. లవం ఎక్కడి నుంచి ఎక్కడిదాకా అని చెప్పడానికే అవి వచ్చాయి, భిన్నం గీత ఇప్పుడు ఆ పని చేస్తోంది. బ్రాకెట్లు అచ్చులోనూ కనబడాలంటే రెండు జతలు కొట్టాలి. బయటి జత హద్దు చెప్పి తప్పుకుంటుంది, లోపలి జత లవంతో పాటు గీత మీదికి ఎక్కుతుంది.